చప్పుడు దాటని గోడ

"ఓ అన్నా, దిగు! అది బియ్యం డ్రమ్ము!"

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అరుణజ్యోతి వేసిన కేకకు, డ్రమ్ము మీద నిలబడి స్లాబు ఎత్తు కొలుస్తున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. చేతిలోని టేపు సర్రున మూసుకుపోయి వేలిని కొరికింది. "అబ్బా" అంటూ కిందికి దూకాడు.

"తినే బియ్యం మీద కాళ్ళు వెట్టి నిలబడ్తరా ఎవలన్నా?"

"మూత మీద నిలబడ్డ, బియ్యం మీద గాదు" అన్నాడతను వేలు నోట్లో పెట్టుకుని. "స్టూలు అడిగితే మీ అమ్మ గిదే చూపెట్టింది."

వెనక దర్వాజ దగ్గర చేపల తట్ట కడుగుతున్న సక్కుబాయి తల కూడా ఎత్తలేదు. "నేనే చెప్పిన. మస్తు గట్టి డ్రమ్ము. నువ్వు మొత్తుకోకు బిడ్డా."

అతను నవ్వాడు. జ్యోతికి ఒళ్ళు మండింది.

"నవ్వుడు తర్వాత. ఎవరన్నా నువ్వు?"

"పరమేష్. మాది మంచాల. పార్టిషన్లు, సీలింగులు చేస్త. ఇంకో మాట. నన్ను అన్నా అనకు. అసలే దెబ్బ తాకిన మనిషిని."

జ్యోతి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ నిలబడ్డాక తెలిసింది, తాను వచ్చింది కోపంతో కాదు, నవ్వు దాచుకోవడానికని. చాలా రోజులకు వచ్చిన నవ్వు. ఏం చేసుకోవాలో తెలియక కొళాయి తిప్పి ముఖం కడుక్కుంది.

ఇబ్రహీంపట్నంలో పెద్ద చెరువుకు పోయే దారిలో ఉంది సక్కుబాయి ఇల్లు. కింద ఒక పొడుగాటి హాలు, వెనక వంటిల్లు, పైన ఒక్క గది. ఆమె మొగుడు బతికున్నన్నాళ్ళు ఆ చెరువులోనే వల వేశాడు. ఆయన పోయాక సక్కుబాయి రోడ్డు పక్కన చేపలు అమ్ముతూ కొడుకు హరీశ్‌ను పెంచింది. హరీశ్ పెద్దవాడై ఇంజనీరింగ్ కాలేజీ బస్సుకు డ్రైవరయ్యాడు. అరుణజ్యోతిని పెళ్ళి చేసుకుని పైగదిలో కాపురం పెట్టాడు. రెండేళ్ళ కిందటి వానాకాలంలో అతనికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. పట్నం దవాఖానకు తీసుకుపోయారు కానీ మనిషి దక్కలేదు.

అప్పటినుంచి పైగదికి తాళం. అత్తాకోడళ్ళు కింద హాల్లోనే పడుకుంటున్నారు. ఈ గోడకు ఒకరి మంచం, ఆ గోడకు ఇంకొకరి మంచం.

చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న జ్యోతి, పెళ్ళయి వచ్చిన నాటినుంచీ అత్తను "అమ్మా" అనే పిలిచింది. హరీశ్ పోయాక జల్‌పల్లి నుంచి ఆమె నాయిన వచ్చి రమ్మన్నాడు. సవతి తల్లి, ఆమె పిల్లలు ఉన్న ఆ ఇంటికి పోబుద్ధి కాలేదు. సక్కుబాయి పొమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు. పొద్దున లేచి చేపలకు పోయేది. జ్యోతి బస్టాండు ఎదురుగా ఉన్న కళ్ళద్దాల షాపుకు పోయేది. సాయంత్రం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తినడం ఇద్దరికీ అలవాటయింది.

అట్లాంటిది ఉన్నట్టుండి సక్కుబాయి, హాలుకు అడ్డంగా గోడ పెట్టిస్తానంది. "నీకో అర్ర కావాలె" అంది. వేరే గది ఎందుకంటే చెప్పలేదు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే వాళ్ళు పరమేష్ నంబరు ఇచ్చారు.

పరమేష్ నేల మీద రంగు దారం కొట్టి గీత గీశాడు. కింద ఒక ఇనుప పట్టీ, పైన స్లాబుకు ఒక పట్టీ, మధ్యలో నిలువు కమ్మీలు నిలబెట్టి చట్రం చేస్తారు. చట్రానికి అటూ ఇటూ జిప్సం బోర్డులు బిగిస్తారు. అదీ గోడ.

"అంటే లోపల ఖాళీ ఉంటదా?" అడిగింది సక్కుబాయి.

"ఉంటది."

"చప్పుడు ఇటుది అటు పోతదా?"

"పోతది. పోవద్దంటే నడుమ దూది అసోంటిది నింపాలె."

"నింపు. మంచిగ నింపు."

"గురక ఎవరికమ్మా? నీకా, నీ బిడ్డకా?"

"నా బిడ్డకే" అంది సక్కుబాయి ముఖం కదలకుండా.

"నాకా!" అని అరిచింది జ్యోతి. పరమేష్ గీసిన గీత మీదే కూలబడి నవ్వాడు.

నా బిడ్డ అన్న మాటను అతను నిజమే అనుకున్నాడని జ్యోతికి అర్థమైంది. చెప్పాలనుకుంది. రేపు చెప్పొచ్చులే అనుకుంది. రెండేళ్ళుగా ఆమెను చూసిన ప్రతి మనిషీ ముందు గొంతు తగ్గించేవాడు. షాపులో, బస్సులో, చుట్టాలిళ్ళలో అదే జాలి చూపు. ఇతనొక్కడు బియ్యం డ్రమ్ము గురించి కొట్లాడాడు.

మరునాడు పైపట్టీ బిగించాలంటే గోడకున్న ఫోటో తీయాల్సి వచ్చింది. గంధం దండ వేసిన హరీశ్ ఫోటో. పరమేష్ చెప్పులు విడిచి రెండు చేతులతో దాన్ని దించాడు.

"చిన్న వయసే. పాపం" అన్నాడు. "మీ అన్ననా?"

జ్యోతి నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది.

"ఊఁ" అంది.

వెనక దర్వాజ దగ్గర తట్ట రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది. కొంచెంసేపటికి మళ్ళీ మొదలైంది.

ఆ రోజు జ్యోతి అన్నం తినలేకపోయింది. సక్కుబాయి చేప ముల్లు తీసి, ముక్క ఆమె కంచంలో వేసింది.

పరమేష్ కొలతలు చూసేటప్పుడు టేపును చేయంత దూరం పెట్టి కళ్ళు చికిలించేవాడు. "నీకు కండ్లు కనబడ్తలేవు" అంది జ్యోతి ఉండబట్టలేక. "గోడ వంకర పెడ్తవ్. షాపుకు రా, చూస్త."

ఆ సాయంత్రమే వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. జ్యోతి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాల పట్టిక చూపించింది.

"పై వరుస చదువు."

"అ... రు... ణ..."

"అక్కడ అట్ల లేదు."

"నాకట్లనే కనబడ్తుంది. కండ్లు మస్తు ఖరాబైనట్టున్నయ్."

జ్యోతి పెదవులు బిగించి అతని ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టింది. ఒక అద్దం వేసింది, తీసి ఇంకొకటి వేసింది. "ఇది బాగుందా? ఇందాకటిది బాగుందా?"

"ఇందాకటిది ఇంకోసారి పెట్టు."

పెట్టింది.

"ఇప్పుడు తీసింది ఒకపారి పెట్టు."

పెట్టింది. అద్దం వెనక అతని కళ్ళు పెద్దవిగా, అమాయకంగా, పూర్తిగా అబద్ధమాడుతూ ఆమెనే చూస్తున్నాయి. షాపు ఓనరు దగ్గాడు. జ్యోతికి ఇక నవ్వు ఆగలేదు. పైకే నవ్వింది. బయట సన్నగా తుంపర మొదలైంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ నవ్వు పోలేదు.

వీధి మలుపులో ఇల్లు కనబడగానే ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమట తుడుచుకున్నట్టు నవ్వును తుడుచుకుని లోపలికి పోయింది. సక్కుబాయి ఆమె ముఖం వైపు చూసి, చూపు దించుకుంది.

చట్రం లేచింది. హాలు మధ్యలో నిలువు కమ్మీలు, వాటి సందుల్లోంచి అవతలి సగం కనబడుతోంది. పరమేష్ అటువైపు, జ్యోతి ఇటువైపు నిలబడి మాట్లాడుకునేవారు. ఆమె స్క్రూలు అందించేది. అతను అవసరం లేకపోయినా ఇంకొకటి అడిగేవాడు.

షాపుకు సెలవున్న రోజు. సక్కుబాయి బజారు నుంచి ఇంకా రాలేదు. బయట వాన దబదబా కురుస్తోంది. పరమేష్ డ్రిల్లు ఆపి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఒకటి అడుగుత. కోపం చేయవ్ గద?"

"అడిగినంక చెప్త."

"మా అమ్మను తీస్కొచ్చి మీ అమ్మతోని మాట్లాడిపిస్త." మాట తడబడింది. కళ్ళు నేల మీదికి పోయాయి. "అసలైతే ఇసోంటియి మొగోల్లతోని మాట్లాడాలె. మీ అన్న ఉంటే ముందుగాల ఆయననే అడుగుదును."

జ్యోతి అరచేతిలో స్క్రూలు గుచ్చుకున్నాయి. పిడికిలి అంత గట్టిగా బిగిసిందని ఆమెకు తెలియలేదు.

"ఆయన మా అన్న గాదు" అంది. "నా మొగడు."

పరమేష్ కమ్మీ వదిలేశాడు.

"మరి ఆ దినం ఊఁ అన్నవ్ గద?"

"అన్న."

"ఎందుకు?"

"నువ్వు నవ్విపిస్తుంటివి."

పరమేష్ డ్రిల్లు వైరు చుట్టాడు. కాగితంలో చుట్టి అటక మీద పెట్టిన ఫోటోను దించి, విప్పి, అద్దం మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "రేపు బోర్డులు తెస్త" అని వానలోనే వెళ్ళిపోయాడు.

రేపు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయేది. అతనితో పనిచేసే దానియేలు వచ్చి డ్రిల్లు తీసుకుపోయాడు. "బొంగులూర్ల పెద్ద పని వడ్డదక్కా" అన్నాడు ఆమె వైపు చూడకుండా. చట్రం హాలు మధ్యలో అట్లాగే నిలబడింది.

ఒక మధ్యాహ్నం ముసురు పట్టి కరెంటు పోయింది. చేపలు అమ్ముడుపోక సక్కుబాయి తొందరగా ఇంటికొచ్చి మంచం మీద ఒరిగింది. చట్రానికి అవతల తన మంచం మీద జ్యోతి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆ పిలగాడు ఎందుకొస్తలేడు?"

"తెల్వదమ్మా."

"తెలుసు నీకు."

జ్యోతి లేచి కూర్చుంది. "నేను చెప్పిన. ఆయన నా మొగడని."

సక్కుబాయి చట్రం వైపు తిరిగింది.

"మీ అన్ననా అంటే నువ్వు ఊఁ అన్నవ్. నేను విన్న."

"అమ్మా, నేను..."

"నన్ను చెప్పనియ్. నాకు కోపం రాలే. నా కొడుకు రెండోపారి సచ్చినట్టయింది. గంతే." గొంతు నెమ్మదించింది. "తట్ట రుద్దుకుంట ఆలోచన చేసిన. ఈ పిల్ల అబద్ధమాడేది గాదు, ఎంత నవ్వు కరువైతే ఆడింది అని."

జ్యోతి మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"ఈ గోడ ఎందుకు కట్టిపిస్తున్న అనుకున్నవ్? నువ్వు నా ముందట ఏడ్వవు. దుప్పటి నోట్ల కుక్కుకుంటవ్. నాకు తెల్వదనుకుంటవ్. నవ్వు గూడ అంతే. గల్లీల నవ్వుకుంట వస్తవ్, ఇంట్లకు రాంగనే ముఖం తుడుస్తవ్. పోరికి ఒక అర్ర ఉంటే తలుపు వేస్కొని ఏడుస్తది, ఫోన్ల ఎవరితోనన్న నవ్వుతది, నాకు వినపడదు అనుకున్న. అందుకే దూది నింపమన్న."

జ్యోతి మంచం దిగింది. చట్రం సందులోంచి దూరి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. సక్కుబాయి ఆమె తల మీద చెయ్యి వేసింది. చేతికి చేపల వాసన, తడి. ఆమె కంట్లో మాత్రం చుక్క నీరు లేదు.

"నేను యాడికి పోనమ్మా" అంది జ్యోతి.

"పోతవో పోవో తర్వాత చూద్దాం. ముందుగాల వాన్ని పిలిచి గోడ పూర్తి చేపియ్. గీ కమ్మీల నడుమ జైల్ల ఉన్నట్టున్నది నాకు."

పిలవకముందే వచ్చాడు. వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, ట్రాలీ ఆటోలో బోర్డులు వేసుకుని దానియేలుతో సహా దిగాడు. దానియేలు దించడంలో పడ్డాక, పరమేష్ చట్రానికి అవతల నిలబడ్డాడు.

"రాలేదని కోపమొచ్చిందా?"

"రాకుంటేనే మంచిది అనుకున్న."

"నాకు నీ మీద కోపం లేదు. సిగ్గయింది. ఆయన ఫోటో ముందల నిలబడి ఎన్ని పరాచికాలాడిన! అవి యాదికొచ్చి ఈ దిక్కు కాళ్ళు రాలే." మెడ రుద్దుకున్నాడు. "ముందే తెలిస్తే తల వంచుకొని పని చేస్కొని పోదును. నీకు అది తెలుసు. అందుకే చెప్పలే."

"అవ్."

"ఇప్పుడు తెలిసింది గద. ఇంక నాకు నవ్విపిచ్చుడు రాదేమో అని భయమైతుంది."

"ఏడిపియ్యకుంటే చాలు."

"ఆయన యాదికొస్తే ఏడుస్తవ్. దానికి నేనేం చేయ? ఏడువు. నేను పక్కన కూసుంట."

జ్యోతి చట్రం మీద చెయ్యి ఆనించింది. అతను తాకలేదు. ఆ చేతికి కాస్త కింద, అదే కమ్మీ మీద తన చెయ్యి పెట్టాడు.

"అక్కా, మళ్ళ చినుకులు పడ్తున్నయ్, బోర్డులు తడుస్తయ్!" బయటనుంచి దానియేలు మొత్తుకున్నాడు.

సాయంత్రానికి గోడ పూర్తయింది. దూది దట్టంగా నింపారు. తలుపు వేసి అవతలనుంచి పరమేష్ ఎంత అరిచినా, ఇవతల గొణుగుడే తప్ప మాట వినపడలేదు. సక్కుబాయి గోడకు చెవి ఆనించి విని, తల ఊపింది.

తర్వాత జరిగింది జ్యోతికి పరమేష్ ఫోనులో చెబితేనే తెలిసింది. సక్కుబాయి ఎవరికీ చెప్పకుండా పెద్ద కొరమీనును సంచిలో వేసుకుని మంచాల బస్సెక్కింది. అడిగి అడిగి పరమేష్ ఇంటికి పోయి, వాళ్ళమ్మ మణెమ్మ ముందు సంచి పెట్టింది. విషయం చెప్పింది.

"కోడలికి సంబంధం అడిగే అత్తను నేనెక్కడ చూడలే" అందట మణెమ్మ.

"నేను గూడ చూడలే. ఎట్ల అడుగుతరో తెల్వక చాప వట్టుకొని వచ్చిన."

కులం వేరు, పైగా మొగుడు పోయిన పిల్ల. మణెమ్మ కొడుకు మీద కోపంతో అంతకుముందే రెండు పూటలు అన్నం మానేసిన మనిషి. చాలాసేపు సంచిలోని చేపను చూస్తూ కూర్చుందట. ఆఖరుకు, "పులుసు నువ్వు పెడ్తవా, నేను పెట్టాల్నా?" అని అడిగిందట.

ఇద్దరూ కలిసి పెట్టారు. తింటూ మణెమ్మ, హరీశ్ ఎట్లా ఉండేవాడో అడిగింది. సక్కుబాయి చెప్పింది.

పెళ్ళికి ముందు పరమేష్ ఇబ్రహీంపట్నం వచ్చి సక్కుబాయి ముందు కూర్చున్నాడు. "ఈ ఇంట్లనే అందరం కలిసి ఉందాం అమ్మా. మా అమ్మ ఒప్పుకుంది" అన్నాడు.

"వద్దు" అంది సక్కుబాయి. "నువ్వు మంచోనివి. అయినా గా కుర్చీల, నా కొడుకు కూసున్న కాడ నువ్వు కూసుంటే నేను చూడలేను. పిల్లనిచ్చిన. ఇంతకంటే నన్ను అడగకుండ్రి."

జ్యోతి పెళ్ళి మానేస్తానంది. ఏడ్చింది. అలిగింది. సక్కుబాయి కొంచెం కూడా మెత్తబడలేదు. "నువ్వు ఉండిపోతే నేను నీ ముఖం చూడాలె, నువ్వు నా ముఖం చూడాలె. ఇద్దరం వాన్నే చూస్తం. ఎన్నేండ్లు చూస్తం బిడ్డా?" అంది.

మంచాలలో పెళ్ళి చిన్నగా జరిగింది. సక్కుబాయి కొత్త చీర కట్టుకుని వచ్చింది. అక్షింతలు వేసింది. పిల్ల తరఫున మణెమ్మకు బొట్టు పెట్టమంటే వెనక్కి తగ్గింది. మణెమ్మే ఆమె చెయ్యి పట్టుకుని కుంకుమ భరిణలో వేలు ముంచి, తన నుదుటికి ఆనించుకుంది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతూ సక్కుబాయి కిటికీలోంచి "ఆదివారం రా. చాపలుంచుత" అని మాత్రమే అంది. బస్సు మలుపు తిరిగేదాకా జ్యోతి చెయ్యి ఊపింది. కిటికీలో ఆ తల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఇబ్రహీంపట్నం చేరేసరికి మళ్ళీ వాన. గుమ్మం దగ్గర పరమేష్ ఆగిపోయాడు. "నువ్వు ముందు పో. నేను ఇక్కడుంట" అన్నాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. హాల్లో సక్కుబాయి మంచం లేదు. జ్యోతి పిలిచింది. "అమ్మా!" పలుకు లేదు. గోడ దగ్గరికి పోయింది. అవతల ఏదో అణిగిన చప్పుడు, దూరంగా ఎవరో మూలుగుతున్నట్టు. గది తలుపు తోసింది.

సక్కుబాయి మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. హరీశ్ ఫోటో ఒళ్ళో ఉంది. నోరు తెరిచి, రొమ్ము కొట్టుకుంటూ, చిన్నపిల్లలా వెక్కుతూ ఏడుస్తోంది. "హరీగా, నా కొడకా" అంటోంది. కొడుకును మట్టిచేసిన రోజు తర్వాత ఆమె ఏడవడం జ్యోతి చూడలేదు. రాతి గుండె అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. జ్యోతి కూడా ఒకటి రెండుసార్లు అట్లాగే అనుకుంది.

"అమ్మా, ఏమైంది?"

సక్కుబాయి గబగబా కొంగుతో ముఖం తుడుచుకోబోయింది. "ఏం కాలే. నువ్వు ఇంత జల్ది వస్తవనుకోలే."

"ఎప్పటిసంది ఏడుస్తున్నవ్?"

"నువ్వు పోయినకాన్నుంచి." ఊపిరి కూడదీసుకుంది. "ఇన్నొద్దులు నువ్వుంటివి. నేను ఏడిస్తే నువ్వేమైపోదువు? యాడ ఏడుదును బిడ్డా?"

జ్యోతి ఆమె చేతిని ముఖం మీదినుంచి తీసింది. మంచం మీద పక్కన కూర్చుని, ఫోటోను ఇద్దరి ఒళ్ళోకి జరిపింది. నోట్లో గుడ్డ కుక్కుకోకుండా, గోడవైపు తిరగకుండా, మొదటిసారి అత్త ముందు గొంతెత్తి ఏడ్చింది. హరీశ్ బస్సు హారన్ ఎట్లా కొట్టేవాడో ఒకరు గుర్తు చేశారు. పులుసులో తలకాయ కోసం ఎట్లా కొట్లాడేవాడో ఇంకొకరు చెప్పారు. ఏడుస్తూనే కొంచెం నవ్వారు, నవ్వి మళ్ళీ ఏడ్చారు.

బయటికొచ్చేసరికి పరమేష్ చూరు కింద సగం తడిసి నిలబడి ఉన్నాడు. ఇద్దరి కళ్ళూ చూశాడు.

"వానల గట్ల నిలబడ్డవేంది?" అంది సక్కుబాయి బొంగురుపోయిన గొంతుతో. "లోపటికి రా."

అతను వచ్చాడు. హరీశ్ కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని దాటిపోయి గుమ్మం పక్కన, నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సక్కుబాయి అది చూసింది. వంటింట్లోకి పోయి, అన్నం, చేపల పులుసు వేసిన కంచం తెచ్చి అతని ముందు పెట్టి, తనూ ఆ నేల మీదే, అతనికి ఎదురుగా కూర్చుంది.